గుంట ఇంకా ఉచ్చ పోయలేదు

సెలైన్ సీసాలో నీళ్ళు తగ్గుతున్నాయి. తగ్గినవన్నీ గుంట ఒంట్లోకే వెళ్తున్నాయి. మరి వెళ్ళిన నీళ్ళు వెళ్ళినట్టే లోపల ఎక్కడ కూర్చున్నాయో, ఒక్క చుక్కైనా బయటికి రాదేం? కనక మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆ సన్నటి గొట్టంలో పడే చుక్కలనే చూస్తోంది, తను చూడకపోతే అవి ఆగిపోతాయేమో అన్నంత పట్టుదలగా. తెల్లవారుజామున మొదలైన వాంతులూ విరేచనాలూ మధ్యాహ్నానికి కట్టాయి. అంతవరకూ సంతోషమే, కొండదేవతకి మనసులోనే కోడిని మొక్కుకుంది కూడా. కానీ ఒక గండం గడిచింది కదా అనుకునేసరికి ఇదిగో, ఇది వచ్చి పడింది. పొద్దుటి నుంచీ కూతురు రత్న ఉచ్చ పోయలేదు. ఏడాదైనా నిండని గుంట. డాక్టరమ్మ వచ్చి పొత్తికడుపు మీద రెండు వేళ్ళతో మెత్తగా నొక్కి, "ఉన్నట్టే ఉందమ్మా, కానీ బయటికి రావాలి. వస్తేనే నాకు ధైర్యం. ఇంకో గంట చూస్తాను. రాకపోతే విశాఖపట్నం పంపించేస్తాను, గొట్టం వేసి తీయించాలి" అని చెప్పి పక్క వార్డులోకి వెళ్ళిపోయింది. గంట అంటే ఎంతసేపు? రిసార్టులో ఒక గది ఊడ్చి, దుప్పట్లు మార్చి, బాత్రూమ్ కడిగి బయటికొచ్చేంతసేపు. కిటికీలోంచి చూస్తే సిల్వర్ ఓక్ చెట్టు కింద అంబులెన్సు తయారుగా నిలబడి ఉంది. డ్రైవరు దాని అద్దం తుడుస్తున్నాడు. తుడవకయ్యా బాబూ, నీకు పుణ్యం ఉంటుంది, మేం రావట్లేదు అని అరవాలనిపించింది కనకకి.

ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారు గానీ, రత్నకి ఉచ్చ పోయడం ఒక్క రకంగానే తెలుసు. నాన్న కాళ్ళ మీద కూర్చోవాలి, నాన్న ఈల వెయ్యాలి. గాసి గుమ్మం ముందు నేల మీద కాళ్ళు బారజాపుకుని, రెండు పాదాలూ దగ్గరికి చేర్చి, ఆ సందులో గుంటని కూర్చోబెట్టి, పెదాలు సున్నాలా చుట్టి సన్నగా ఒక ఈల వేస్తాడు. అది పాటా కాదు, పిలుపూ కాదు. ఎడ్లని గెడ్డలోకి దింపి నీళ్ళు తాగించేటప్పుడు, కాడి కట్టేముందు అవి ఉచ్చ పోసుకోవాలని నిలబెట్టినప్పుడు కొండ మీద మగవాళ్ళు వేసే ఈల. గాసికి వాళ్ళ నాన్న నేర్పాడు, ఎడ్ల కోసం. తన కూతురికి కూడా అదే వేస్తాడని ఆ ముసలాయన కలగని ఉండడు. పోయిన వానాకాలంలో మొదలుపెట్టాడు ఈ పని. అప్పుడు గుంటకి మెడ నిలిచి ఎంతో కాలం కాలేదు. ఏం వానలవి! రోజుల తరబడి కొండ ఎండ మొహం చూడలేదు. దండెం మీద వేసిన గుడ్డలు వేసినట్టే తడిగా వేలాడేవి. పొయ్యి మీద ఆరబెడితే ఇల్లంతా పొగా ఉచ్చా కలిసిన కంపు. గాసి గుంటని వీపుకి గుడ్డతో కట్టుకుని కాఫీ తోటలో తిరిగేవాడు, చొక్కా వెనకంతా ఎప్పుడూ తడే, చలికి ఇద్దరూ వణికేవాళ్ళు. అలా మోసీ మోసీ అతని వీపుకి ఒక సంగతి తెలిసిపోయింది. పోసేముందు గుంట ఆడడం మానేసి, ఒక్క క్షణం బిగుసుకుని, చిన్నగా జలదరిస్తుంది. ఆ జలదరింపు తెలియగానే గబుక్కున దింపి, కాళ్ళ మీద కూర్చోబెట్టి, తనకి తెలిసిన ఒకే ఒక్క ఈల వేశాడు. గుంట పోసింది. ఆ ఆదివారం రిసార్టు పని నుంచి కనక ఇంటికొస్తే ఎవరో పెద్ద ఉద్యోగం ఇచ్చినట్టు మొహం పెట్టుకుని ఎదురొచ్చాడు.

"గొడ్డా అది? గొడ్డుకేసే ఈల గుంటకేస్తన్నావా? సిగ్గు లేదా నీకు?" అని ఆ రోజు అతన్ని దులిపేసింది కనక. గాసి నవ్వాడు. అతనితో ఎప్పుడూ ఇంతే, పోట్లాడదామంటే పట్టు దొరకదు. తరవాత్తరవాత తనకీ నవ్వొచ్చింది. ఒకసారి సంతలో జనాన్ని పక్కకి తోలుతూ హోంగార్డు ఈల ఊదాడు. ఆ ఈలకీ ఈ ఈలకీ పోలికే లేదు. అయినా రత్న నాన్న భుజాల మీంచి అతన్నే శ్రద్ధగా చూస్తూ ఠంచనుగా పని కానిచ్చేసింది. గాసి మెడ మీంచి చొక్కాలోకి, చొక్కాలోంచి చేతిలో ఉన్న బెల్లం పొట్లంలోకి. ఆ బెల్లాన్ని ఏం చేశావని ఇంటికొచ్చాక అడిగితే, ఎడ్లకి పెట్టేశానన్నాడు, అవి మాత్రం ఏమీ అనుకోలేదన్నాడు. ఎంత నవ్వింది ఆ రోజు! కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఇప్పుడు ఎక్కడున్నాడో ఆ మనిషి. నిన్న పొద్దున్నే కొండకి అవతల బావమరిది దగ్గరున్న ఎద్దుని తోలుకురావడానికి వెళ్ళాడు. తనకి సెలవు కదా, గుంటని చూసుకుంటుంది కదా అని ధైర్యంగా వెళ్ళాడు. చూసుకుంది, బాగా చూసుకుంది, ఒక్క రోజు తన చేతిలో పెడితే ఆసుపత్రి మంచం ఎక్కించింది.

అలా అనుకోకూడదు. వాంతులు ఎవరి చేతిలో ఉన్నా వస్తాయి, నర్సమ్మ కూడా అదే అంది, ఈ వారం ఇలాంటి పిల్లలు చాలామంది వచ్చారంది. అనుకోకూడదని తెలిసినా లోపల ఒకటి గీకుతూనే ఉంటుంది. చలికాలమంతా మంచు చూడ్డానికి జనం విరగబడి వస్తారు, రిసార్టులో గదులు ఖాళీ ఉండవు, వారానికి ఒక్క రోజు ఇంటికి పంపిస్తే గొప్ప. మిగతా రోజులన్నీ ఎవరివో బాత్రూములు. చెత్తబుట్టల్లో ఎవరి పిల్లలవో డైపర్లు, ఉబ్బిపోయి, బరువుగా, చుట్టేసిన తెల్లటి మూటలు. వాటిని ఎత్తి పారబోసేటప్పుడు కనకకి అసహ్యం వెయ్యదు, నా గుంట ఇప్పుడు కాళ్ళ మీద కూర్చుందో లేదో అనిపిస్తుంది. ఒకసారి హైదరాబాదు ఆవిడ సగం ప్యాకెట్టు డైపర్లు గదిలో వదిలేసి వెళ్తే వాటిని అపురూపంగా ఇంటికి పట్టుకొచ్చింది. మా గుంట ఏం తక్కువ తిన్నది అనుకుంటూ ఒకటి తొడిగింది. రత్న అందులో పోస్తేనా! కాళ్ళు ఎడంగా పెట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, ఏడ్చి ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. చివరికి గాసి గొడ్లని కట్టేసి పరుగున వచ్చి ఆ డైపర్ని ఊడదీశాడో లేదో, అతని ఛాతీ మీదే జల్లు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే కనకకి చురుక్కుమంది. గుంటకి ఏం కావాలో తనకి తెలియలేదు, అతనికి తెలిసింది. కన్నది నేను కదా అనుకుంది. పైకి అనలేదు, అంటే ఎంత చిన్నతనం!

"ఏటమ్మా, అయిందా?" సత్యకుమారి నర్సు మళ్ళీ వచ్చింది. విజయనగరం వైపు మనిషి, గొంతు పెద్దది, చెయ్యి మెత్తన. అయితే ఎంత అయిందో తూచొచ్చని పొద్దున్న రత్నకి డైపరు తొడిగింది ఈవిడే. కనక భయపడుతూ భయపడుతూ సంగతి చెప్పింది. మా గుంట గుడ్డలో పోయదమ్మా, అలవాటు లేదు, కాళ్ళ మీద కూకోబెట్టాల, వాళ్ళ నాన్న ఈలెయ్యాల అని. తిడుతుందనుకుంది. ఆవిడేమో పక్కన కూలబడి నవ్వి, "నా మనవడికి మూడేళ్ళు నిండినాయి, ఇంకా డైపరు లేందే గడప దాటడు. నీ గుంట ముందు ఆణ్ణి నిలబెట్టాల" అంటూ డైపరు తీసి పారేసింది. అప్పటి నుంచీ ఇద్దరూ కలిసి చెయ్యని పని లేదు. బేసిన్ పెట్టారు. కుళాయి తిప్పి నీళ్ళ చప్పుడు వినిపించారు. గోరువెచ్చటి నీళ్ళు పొట్ట మీద పోశారు. కనక నేల మీద కూర్చుని గుంటని తన కాళ్ళ మీద పెట్టుకుని ష్ష్, ష్ష్ అంది. రత్న వెనక్కి తిరిగి తల్లి మొహంలోకి చూసింది, నువ్వెందుకు ఇక్కడున్నావు అన్నట్టు. ఈల వేద్దామని పెదాలు చుట్టింది కనక. గాలి వచ్చింది, ఉమ్మి వచ్చింది, ఈల రాలేదు. చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి ప్రయత్నిస్తే అవ్వ నెత్తిన మొట్టి, ఆడగుంటవి, ఇదేం పాడు బుద్ధే అంది. ఆ మొట్టికాయతో పోయిన ఈల ఇంక రాలేదు. సత్యకుమారి కూడా వేసి చూసింది పాపం. పగిలిన పిల్లనగ్రోవిలా ఏదో మోగింది, పక్క మంచం మీద పిల్లాడు దడుచుకుని ఏడ్చాడు.

అప్పుడే గాసి నుంచి ఫోను వచ్చింది. పొద్దుటి నుంచీ పరిధిలో లేరు, పరిధిలో లేరు అన్న ఫోను. వాళ్ళ ఊరి మనిషెవరో దారిలో కనిపించి కబురు చెప్పాడట, ఎద్దుని అతనికి అప్పగించి, సిగ్నల్ దొరికే మిట్ట దాకా ఎక్కాడట, ఆయాసంతో మాట రావడం లేదు. "ఏటయిందే గుంటకి? ఏటి సేత్తంది?" అన్నాడు. వాంతులు కట్టినాయి, ఉచ్చ పోయట్లేదు, పోయకపోతే విశాఖపట్నం తీసుకెల్పోతారంట, నువ్వు బేగి రా అని ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఫోన్లోనే ఈలెయ్యమనమ్మా!" అని సత్యకుమారి పక్కనుంచి కేక పెట్టింది. ఎంత మంచి ఆలోచన! స్పీకరు పెట్టారు, గుంటని కాళ్ళ మీద పెట్టారు, కొండ మీంచి గాసి ఈల వచ్చింది. అదే ఈల, గరగరలాడుతూ, మధ్యలో తెగుతూ. రత్న కళ్ళు వెలిగాయి. ఫోను వైపు చూసింది, ఫోను వెనక చూసింది, మంచం కింద చూసింది. నాన్న ఎక్కడా లేడు. ఇంక చూడాలి ఆ ఏడుపు! గొంతు అరిగిపోయేలా ఏడ్చింది. ఫోను కట్టయిపోయింది. జీపు పట్టుకుని వచ్చేస్తన్నాను అన్నాడో, అనలేదో, సగమే వినిపించింది.

ఏడ్చి ఏడ్చి ఇప్పుడు ఎక్కిళ్ళు పెడుతోంది. కనకకి మాత్రం ఏడుపు రావడం లేదు, ఒంట్లో ఎక్కడో గడ్డకట్టుకుపోయింది. ఘాట్ రోడ్డు కళ్ళ ముందు కనిపిస్తోంది, మలుపు మీద మలుపు, పక్కన లోయ. కారుల్లో ఆ మలుపులెక్కి వచ్చి, రిసార్టు గేటు ముందు దిగీ దిగగానే వాంతి చేసుకునే పెద్దవాళ్ళని రోజూ చూస్తుంది, వాళ్ళకి నిమ్మకాయ నీళ్ళు తనే కలిపి ఇస్తుంది. ఇంత పిల్ల ఆ మలుపులు ఎలా దిగుతుంది? దిగాక అంత పెద్ద ఆసుపత్రిలో ఎవరిని అడగాలి, ఎటు వెళ్ళాలి? గొట్టం వేస్తారంటే ఎక్కడ వేస్తారు, ఇంతింత పిల్లకి ఎలా వేస్తారు? ఆలోచన అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. వద్దు. పొయ్యవే నా తల్లీ. నీ కాళ్ళు మొక్కుతాను పొయ్యవే. ఒక్కసారి పొయ్యి, చాలు, తరవాత జన్మంతా నా చీరలమీదే పొయ్యి, నేనేమీ అనను. కిటికీ చువ్వల్లోంచి అంబులెన్సు డ్రైవరు తల లోపలికి పెట్టి, "అయిందా అమ్మా?" అని అడిగాడు. పాపం మంచివాడే, ఆతృత కొద్దీ అడిగాడు. పక్క మంచం పిల్లాడి తల్లి ఇటే చూస్తోంది. ఊడ్చే ఆవిడ చీపురు ఆపి చూస్తోంది. సత్యకుమారి నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. వార్డు వార్డంతా గుంట తొడల మధ్యకే చూస్తోంది. కనక కూడా అక్కడికే చూస్తోంది, పొద్దుటి నుంచీ.

ఇంతమంది కాపలా కాస్తుంటే ఎవరికి వస్తుంది? ఆ మాట తనకి తోచగానే కనకకి గాసి మొహం గుర్తొచ్చింది. ఈల వేసేటప్పటి మొహం. అతను గుంట కేసి చూడడు. ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా ఉన్న కొండ కేసి చూస్తాడు, ఆ కొండ మీద ఎవరి పొలంలో ఏం పండిందో చూస్తాడు, అక్కడ తనకేదో పనున్నట్టు, కాళ్ళ మీద గుంట ఉన్నట్టే తెలియనట్టు. ఎడ్ల దగ్గరా అంతే. అవి గెడ్డలో నిలబడితే తను గట్టు మీద ఎటో చూస్తూ నిలబడతాడు, ఎంతసేపైనా సరే. ఏం చూస్తావయ్యా అలా అని ఒకసారి అడిగితే, "మనం దాని కోసమే నిలబడ్డామని తెలిస్తే ఎద్దు కూడా బిగబడతాది" అన్నాడు. ఎద్దుల సంగతి నాకెందుకులే అని లోపలికి పోయింది. ఇన్నాళ్ళూ తను ఈలనే విన్నది, మనిషిని చూడలేదు. కనక లేచి నిలబడింది. "నర్సమ్మా, గుంటని వెనక వరండాలోకి తీసుకెల్తాను. కొంచెం ఎండుంది. ఎవరూ రావొద్దమ్మా, నువ్వు కూడా వద్దు, ఏటనుకోకు." సత్యకుమారి ఏమీ అనుకోలేదు. సెలైన్ స్టాండు తనే మోసుకొచ్చి పెట్టి, గొట్టం మెలి పడకుండా సర్ది, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

వెనక వరండా నేల వెచ్చగా ఉంది. కనక కాళ్ళు బారజాపుకుని కూర్చుంది, పాదాలు దగ్గరికి చేర్చింది, గుంటని అటు తిప్పి కూర్చోబెట్టి చంకల కింద చేతులేసి పట్టుకుంది. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు. ఎదురుగా పొలాలు, వలిసె పూలు రాలిపోయి గింజ కట్టింది, కొన్ని చోట్ల కోసేశారు కూడా. ఆ పైన కొండ, కొండ మీద ఎవరో మంట పెట్టారు, పొగ నిటారుగా లేస్తోంది, గాలి లేదు. పసుపు రంగులో ఉన్నప్పుడు ఈ పొలాల్లో నిలబడి ఫోటోలు తీసుకోవడానికి ఎంతెంత దూరం నుంచో వస్తారు, కనక మాత్రం ఈ ఏడాది పూలు సరిగా చూడనేలేదు. దూరంగా రైలు కూత వినిపించింది, అద్దాల పెట్టెలున్న రైలు అయి ఉంటుంది. అద్దంలోంచి కొండల్ని చూసే వాళ్ళకి కొండల్లో ఎవరెవరు ఏం చేస్తున్నారో కనిపిస్తుందా? ఇదిగో, ఇక్కడ ఒక తల్లి కూతురి ఉచ్చ కోసం కూర్చుందని తెలుస్తుందా? నవ్వొచ్చింది. తన పాదాలు చూసుకుంది, బాత్రూముల్లో వాడే మందుకి మడమలు పగిలిపోయాయి. గరుకుగా ఉన్నాయని గుంటకి తెలుస్తోందా? గాసి పాదాలు మాత్రం ఏం మెత్తన? ఈసారి జీతంలో అందరికీ రాసుకోవడానికి ఏదైనా కొనాలి. అక్కడ పొగ పెట్టింది ఎవరో, ఎండు గడ్డి తగలబెడుతున్నారేమో, పశువులకి ఉంచుకోవచ్చుగా. తను ఇప్పుడు ఎవరి మీదా కోపంగా లేదని కనకకి వింతగా తోచింది. అతనికి తెలిసింది తనకి తెలియలేదన్న కోపం ఇన్నాళ్ళూ మోసింది. తెలియడానికి తను ఎప్పుడు ఇలా కూర్చుంది? వచ్చిన ఒక్క రోజూ గుంటకి తలంటు, గుంటకి జుట్టు, గుంటకి బొట్టు, గుంటని చూడ్డమే పని. గుంటతో కలిసి ఇంకోదేదైనా చూసిందా?

ఎక్కిళ్ళు ఎప్పుడు ఆగాయో తెలియలేదు. రత్న తల వెనక్కి వాల్చి తల్లి మోకాళ్ళకి ఆనించింది. పిడికిలిలో చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఆడుకుంటున్నదల్లా ఆడడం ఆపింది. కనక పిక్కల మధ్య ఆ చిన్న వీపు బిగుసుకుంది. తర్వాత ఒక జలదరింపు, సన్నగా, ఒంటి పొడుగునా. ఇదేనా? అతను చెప్పింది ఇదేనా? కనక ఊపిరి బిగబట్టింది, వెంటనే వదిలేసింది, బిగబడితే గుంటకి తెలిసిపోతుందని. కిందికి చూడలేదు. చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది, చూడలేదు. కొండ మీద పొగనే చూస్తూ, "అదిగో, అక్కడెవరో మంటెట్టినారు సూడే" అంది మామూలుగా. పాదాల సందున వెచ్చగా తగిలింది. మొదట కొంచెం, తర్వాత ఆగింది, కనక ప్రాణం పోయింది, మళ్ళీ వచ్చింది, ధారగా, ఆగకుండా, పగిలిన మడమల మీదుగా, చీర అంచు మీదుగా, వరండా గచ్చు మీద కాలవ కట్టి మెట్ల వైపు పారింది. ఎంత ఉచ్చ! ఇంత పిల్లలో ఇంత ఉచ్చ ఎక్కడ దాచుకుంది! పోతోంది, ఇంకా పోతోంది. పొద్దుటి నుంచీ కనక గుండె మీద కూర్చున్న బరువంతా దాంతోపాటే జారి మెట్లు దిగిపోయింది. ఘాట్ రోడ్డు పోయింది, గొట్టం పోయింది, పెద్దాసుపత్రి పోయింది. "నర్సమ్మా!" అని గావుకేక పెట్టింది.

సత్యకుమారి తలుపు తోసుకుని వచ్చి, కాలవ చూసి, నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మ ఓలమ్మ! గిన్నె ఎట్టనేదేటమ్మా! ఇప్పుడు డాక్టరమ్మకి ఎంతని సెప్పాల?" నిజమే, కొలవడానికి గిన్నె పెట్టాలన్న సంగతి ఇద్దరికీ గుర్తే లేదు. వెనకే వచ్చిన డాక్టరమ్మ మెట్ల దాకా పారిన తడిని, మోకాళ్ళ దాకా తడిసిన చీరని చూసి, గుంట పొట్ట ఒకసారి తడిమి, హాయిగా నవ్వేసింది. "ఈ చీర చాలు నాకు కొలత. అంబులెన్సు వెళ్ళిపోమనండి. రేపటికి ఇంటికి పంపించేస్తాను." తెరిచిన తలుపులోంచి కనిపించే వార్డు కిటికీ అవతల డ్రైవరు రెండు చేతులూ పైకెత్తి ఎవరికో దండం పెట్టాడు. ఊడ్చే ఆవిడ బకెట్టు తెస్తానంది. అందరూ మాట్లాడుతున్నారు, కనకకి ఏదీ వినబడడం లేదు. గుంట కాళ్ళు ఊపుకుంటోంది, తేలిక పడ్డ ఒళ్ళు, హాయిగా ఉన్న ఒళ్ళు, తన పిల్ల ఒళ్ళు.

గాసి అప్పుడొచ్చాడు. గేటు దగ్గర జీపు దిగినప్పటి నుంచే ఈల మొదలుపెట్టినట్టున్నాడు, పిచ్చి మనిషి, ఆసుపత్రి చుట్టూ తిరిగి, మోకాళ్ళ దాకా బురదతో, ఎగశ్వాసతో ఈల వేసుకుంటూ వరండాలోకి పరిగెత్తుకొచ్చాడు. "ఆపయ్యా, ఇంక ఈలొద్దు," అంది కనక. "పోసేసింది. నా కాళ్ళ మీద పోసింది." అలా అంటూండగానే పొద్దుటి నుంచీ రాని ఏడుపు వచ్చింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు, వెక్కి వెక్కి, నవ్వుతూ ఏడ్చింది. గాసి పక్కనే నేల మీద చతికిలబడి గుంట నెత్తి నిమిరాడు. రత్న నాన్నని చూసి ఒక నవ్వు నవ్వింది గానీ చేతులు చాపలేదు. తర్వాత తడిని చూపించి, "గుంటని నానెత్తుకుంటాను, నువ్వెల్లి కాళ్ళు కడుక్కోవే" అన్నాడు.

"ఉండనీయ్యా," అంది కనక, "ఇంకాసేపు ఉండనీ."